అప్‌డేట్: మిరప మొక్కల వింత ఆకుల సంగతి

కుండీలో మూడు మిరప మొక్కలు వింతగా పెరుగుతున్నాయి, ఇది మ్యుటేషనా (జన్యువుల్లో మార్పా) అని పోయిన నెల అడిగాను కదా. మూడు విత్తనపు ఆకులతో మొలిచినది ఇప్పుడు మామూలుగానే ఉంది, దాని గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను. కాండం రిబ్బన్‌లా చదునుగా మారినది అలాగే పూత కూడా వేసింది, చూడ్డానికి బాగుంది, పీకను.

అసలు తంటా మూడోదే. ఆకులు తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుని, కాడలు సాగి సన్నబడ్డాయి, మీలో ఒకరు అన్నట్టు అది కింది ముడత, అంటే నల్లి, మొక్కల రసం పీల్చే అతి సన్నని జీవి (పైకి ముడిస్తే తామర పురుగులట). భూతద్దంతో లేత ఆకుల అడుగున చూస్తే కదులుతున్నాయి! లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టాను. పాత ఆకులు అలాగే ఉన్నాయి, కొత్త చిగుళ్ళు మాత్రం చదునుగా వస్తున్నాయి.