టొకోవా క్యాంపుకి నాన్నగారిని తీసుకెళ్లొచ్చా? అసలువి ఏమైనా మిగిలాయా?

మాధవరం అబ్బాయి:
అందరికీ నమస్కారం. మేం అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటాం. మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు, డిసెంబరు దాకా ఉంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మాది, మిలటరీ మాధవరం అంటే చాలామందికి తెలుస్తుంది. ఆయన మన సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో సుబేదార్‌గా రిటైరయ్యారు. అక్వేరియం, స్టోన్ మౌంటెన్, మాల్స్ అన్నీ తిప్పాం. ఎక్కడికెళ్లినా "బాగుందిరా" అనేసి కారెక్కి కూర్చుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాట్రూపర్లకి, అంటే పారాచూట్‌తో దూకే సైనికులకి, శిక్షణ ఇచ్చిన క్యాంపు ఇక్కడే జార్జియాలో టొకోవా అనే ఊళ్లో ఉందని, దాన్ని మళ్లీ నిలబెడుతున్నారని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. ఫోటోల్లో చూస్తే బ్యారక్‌లు నిన్న మొన్న కట్టినట్టున్నాయి. అక్కడ పాతది ఏమైనా ఉందా, లేక అంతా సినిమా సెట్టింగేనా? ఆయనకి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పైగా డూప్లికేట్ చూపిస్తే ఇట్టే పట్టేస్తారు.

లారెన్స్‌విల్ లావణ్య:
మేం వెళ్లాం. క్యాంపు అరగంట పని అండీ, పిల్లలకి బోర్. ఊళ్లోనే టొకోవా ఫాల్స్ ఉంది, 186 అడుగుల జలపాతం, పెద్దవాళ్లు కూడా సులువుగా నడవగలరు. దానికోసం వెళ్లి, దార్లో క్యాంపు చూసెయ్యండి.

కోళ్ల ల్యాబ్:
జలపాతం మంచిదే, కాదనను. కానీ సుబేదార్ గారిని తీసుకెళ్లి క్యాంపుని అరగంటలో కానిచ్చేస్తే ఎలా లావణ్య గారూ!

నేను గైన్స్‌విల్‌లో కోళ్ల ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా టొకోవా లాక్కెళ్తానని నాకు చెడ్డపేరు. మా ఆవిడైతే ఆ వైపు కారు తిప్పితే దిగిపోతానంటుంది.

ముందు మీ ప్రశ్నకి జవాబు. యుద్ధం నాటి కట్టడాల్లో అక్కడ ఇంకా నిలబడి ఉన్నది మెస్ హాలు ఒక్కటే. నాన్నగారికి మన సైన్యం మాటలో "లంగర్" అని చెప్పండి. బ్యారక్‌లు పాత నమూనాలో మళ్లీ కట్టినవి. ఇందులో దాపరికం లేదు, అడిగితే అక్కడివాళ్లే చెప్తారు. అసలు బ్యారక్‌లు కలకాలం ఉండాలని కట్టలేదు కదా. యుద్ధానికి ముందు అది జార్జియా నేషనల్ గార్డ్ స్థలం, పేరు క్యాంప్ టూంబ్స్. టూంబ్స్ అనేది అమెరికా అంతర్యుద్ధం నాటి ఒక జనరల్ పేరు, కానీ ఇంగ్లీషులో "టూంబ్" అంటే సమాధి. 1942లో సైన్యం తీసుకుని, హడావుడిగా చెక్కతో లేపేసింది. ఊళ్లో శవపేటికల ఫ్యాక్టరీ ఉండేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు దాని ముందునుంచి సమాధుల్ని గుర్తుచేసే పేరున్న క్యాంపుకి రావడం బాగోలేదని 506వ పారాచూట్ రెజిమెంటు కమాండర్ కర్నల్ రాబర్ట్ సింక్ పట్టుబట్టి పేరు మార్పించాడు. యుద్ధం అయ్యాక అదే చోట కుర్ర ఖైదీల జైలు నడిచింది. ఆ జైలు ఆల్టో అనే ఊరికి తరలిపోయాక షెడ్లు కూలాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి. గైడ్ యుద్ధం దగ్గరే ఆపేస్తే ఆ జైలు సంగతి మీరే అడగండి. ఒక చోటు చరిత్ర అంటే అక్కడ జరిగిన గొప్ప పని ఒక్కటే కాదని నా పట్టుదల.

క్యాంపుకి వెళ్లేముందు ఊళ్లో రైల్వే డిపోలో ఉన్న కర్రాహీ మిలటరీ మ్యూజియం చూడండి. శిక్షణకి వచ్చినవాళ్లు రైలు దిగింది ఆ ఊళ్లోనే. ఆమ్‌ట్రాక్ వాళ్ల క్రెసెంట్ రైలు ఇప్పటికీ అక్కడ ఆగుతుంది, వేళ కాని వేళలో. మ్యూజియం లోపల గుర్రాలశాల ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఆల్డ్‌బోర్న్ అనే పల్లెలో, నార్మండీలో దూకడానికి ముందు మన టొకోవా కుర్రాళ్లు పడుకున్న శాల అది. పలకా పలకా విప్పి, సముద్రం దాటించి ఇక్కడ మళ్లీ బిగించారు. అంటే మ్యూజియంలో చెక్క అసలుది, చోటు కాదు. క్యాంపులో చోటు అసలుది, చెక్క కాదు. మీ నాన్నగారు డూప్లికేట్ పట్టేస్తారన్నారు కాబట్టి ఈ రెండూ ఒకే రోజు చూపించి ఏది ఎక్కువ నచ్చిందో అడగండి. మా బావగారు గుర్రాలశాలకే ఓటేశారు. నాది కొండకి.

ఎందుకంటే చోటూ సరుకూ రెండూ అసలువైనది అక్కడ కొండ ఒక్కటే. పేరు కర్రాహీ, ఎత్తు 1,735 అడుగులు. మన తిరుమల కొండతో పోలిస్తే చిన్నదే. కానీ చుట్టూ చదునుగా ఉంటుంది కాబట్టి ఒంటరిగా లేచి కనపడుతుంది. మూడు మైళ్లు పైకి, మూడు మైళ్లు కిందికి పరుగెత్తించేవారు. ఆ దారికి ఇప్పుడు సింక్ పేరే పెట్టారు. పైన మీకు చారిత్రకమైనదేమీ దొరకదు. టవర్లు, బండల మీద ఎవరెవరివో పేర్లు పెయింటుతో. అది చూసి మొహం ముడుచుకునేవాళ్లుంటారు. నాకైతే అద్దాల పెట్టెలో పెట్టకుండా వదిలేసిన కొండే నచ్చుతుంది, ఇప్పటికీ అదే దారిలో జనం రొప్పుతూ ఎక్కుతున్నారు.

ఇంకోటి. "బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్" టీవీ సిరీస్ చూసి వచ్చినవాళ్లందరూ 506వ రెజిమెంటులో అందులో చూపించిన ఒకే ఒక్క దళం, ఈజీ కంపెనీ, కోసం వెతుకుతారు. 506 మొదలైంది 1942 జూలై 20న, నిజమే. కానీ 501, 511, 517 రెజిమెంట్లు కూడా ఇక్కడే పుట్టాయి. 511 ఫిలిప్పీన్స్ వెళ్లింది, 517 ఇటలీకి, దక్షిణ ఫ్రాన్సుకి. మొత్తం 17,000 మందికి పైగా ఇక్కడ తయారయ్యారు. వాళ్ల గురించి అడిగేవాడు లేడు.

నాన్నగారికి చెప్పాల్సిన కథ మాత్రం మార్చ్‌ది. 1942 చివర్లో, జపాన్ సైనికులు మలయాలో 72 గంటల్లో 100 మైళ్లు నడిచారని సింక్ చదివాడు. మనవాళ్లు అంతకన్నా నడుస్తారని డిసెంబరు 1న 506లోని రెండో బెటాలియన్‌ని టొకోవా నుంచి అట్లాంటాకి బయల్దేరదీశాడు. సుమారు 115 మైళ్లు, వాన, బురద, చలి, వీపుల మీద మూటలు, మెషిన్‌గన్లు. మూడు రోజులు దాటింది. మూడో బెటాలియన్ అట్లాంటా నుంచి ఫోర్ట్ బెన్నింగ్‌కి నడిచింది. మొదటి బెటాలియన్ మాత్రం హాయిగా రైలెక్కింది. పారాచూట్‌తో దూకడం నేర్పింది బెన్నింగ్‌లోనే. టొకోవాలో ఉన్నది దేహం పిండటం, నకిలీ టవర్ల మీంచి దూకించడం.

ఇర్వింగ్ రాజు:
పారాట్రూపర్లు అన్నారు కాబట్టి ఒక మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గరా ఇది మొదలైంది. 1941లో ఢిల్లీ విల్లింగ్డన్ ఎయిర్‌ఫీల్డ్‌లో, అదే ఇప్పటి సఫ్దర్‌జంగ్. తర్వాతి ఏడాది చక్లాలాకి మార్చారు. 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ కుర్రాళ్లు అక్కడ దూకడం నేర్చుకున్నారు, 1944 మార్చిలో మణిపూర్‌లో సాంగ్‌షాక్ దగ్గర జపాన్‌వాళ్లని ఆపింది వాళ్లే. కానీ చక్లాలా ఇప్పుడు పాకిస్తాన్‌లో, రావల్పిండిలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మనం ఆగ్రాలో పెట్టుకున్నాం. మనవాళ్ల టొకోవాకి మనం టికెట్ కొనుక్కుని వెళ్లలేం, అదీ సంగతి.

మాధవరం అబ్బాయి:
కోళ్ల ల్యాబ్ గారూ, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. మార్చ్ దగ్గర ఆపించి "బూట్లు ఎలాంటివిట?" అని అడిగారు. శనివారానికి తయారు. రెండు సందేహాలు: కారు కొండపైకి వెళ్తుందా? ఆయన మెడల్స్ పెట్టుకుని వస్తానంటున్నారు, ఇబ్బందేమీ ఉండదు కదా?

కోళ్ల ల్యాబ్:
మెడల్స్ భేషుగ్గా పెట్టుకోమనండి. అక్కడికి వచ్చేవాళ్లలో మాజీ సైనికులే ఎక్కువ, ఎక్కడ పనిచేశారు అని వాళ్లే వచ్చి పలకరిస్తారు. మీరు అనువాదానికి పక్కనే ఉండండి, అంతే. బూట్ల సంగతి మ్యూజియంలో అడగనివ్వండి.

కొండ రోడ్డు కంకరది, గతుకులు. మీది కిందికి ఆనే సెడాన్ అయితే పెట్టకండి. ఎత్తు బండి అయినా వాన పడ్డ మర్నాడు వద్దు. మోకాళ్ల సంగతి చూసుకుని మొదటి మలుపు దాకా నడిపించండి, ఎంత నిటారో అక్కడికే తెలిసిపోతుంది. అక్టోబరులో మిలటరీ వీకెండ్ పెడతారు, కొండెక్కే పరుగు పందెం కూడా. సందడి బాగుంటుంది కానీ మెస్ హాల్లో తీరిగ్గా నిలబడే వీలుండదు, అందుకే మీ మామూలు శనివారమే మేలు. వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తిండికి పులిహోర కట్టుకోండి. 365వ నంబరు రోడ్డు మీద వచ్చి కార్నేలియా ఊరు దాటాక 123వ నంబరు రోడ్డు ఎక్కండి. క్యాంపు ఊరికి పడమర పక్క, ముందు అదే వస్తుంది. ఆగకుండా నేరుగా డిపోకి పోనివ్వండి.