కార్న్‌వాల్ చర్చి ఆవరణల్లోని సమాధులు: సామాన్యులవి ఎందుకు ప్రసిద్ధమయ్యాయి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
నవంబరు 2న సమాధుల పండుగ వస్తుందనగా మా సంఘంలోని కుటుంబాలు సమాధుల తోటలో కలుపు తీయించి, తమవారి సమాధులకు సున్నం వేయించి, పూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటాయి. వారసులు లేని పాత సమాధుల వైపు మాత్రం ఎవరూ వెళ్ళరు. అందుకే ఈసారి మా యువజనుల గోడపత్రికలో, ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రజలు తమ గ్రామ చర్చి ఆవరణలను ఎలా చూసుకుంటారో రాయాలని అనుకుంటున్నాము. ప్రభువుల సంగతి అలా ఉంచి, అక్కడ సామాన్యుల సమాధుల్లో ముఖ్యమైనవి ఏవి, వాటికి ఆ గౌరవం ఎలా వచ్చింది? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (సత్యనారాయణపురం, విజయవాడ):
నమస్కారమండీ. మొదట చెప్పవలసిన పేరు డాలీ పెంట్రీత్. మౌజల్ అనే రేవు పల్లెలో చేపలు అమ్ముకొని బతికిన ఈమె 1777 డిసెంబరులో మరణించగా, దగ్గరలోని పాల్ గ్రామంలో ఖననం చేశారు. కార్న్‌వాల్ సొంత భాష అయిన కార్నిష్‌లో మాట్లాడిన చివరి మనిషిగా ఆమెకు పేరు. 1860లో, నెపోలియన్ చక్రవర్తి తమ్ముడి కుమారుడూ భాషావేత్తా అయిన లూయీ లూసియన్ బోనపార్ట్, ఆ ఊరి పాదిరిగారితో కలిసి ఆమెకు స్మారక శిల నిలిపాడు. ఆ చోటు అసలు సమాధి కాదని తేలాక 1887లో దానిని సరైన చోటికి మార్చారు. తల్లిదండ్రులను సన్మానించుమనే ఆజ్ఞ దాని మీద ఇంగ్లీషులోనూ కార్నిష్‌లోనూ చెక్కి ఉంది. బతికినంత కాలం ఆమె మాట్లాడిన భాష ఆమె సమాధి మీద కూడా ఉండడం నాకు ఎంతో సముచితంగా తోస్తుంది.

అయితే ఆమెతోనే ఆ భాష ముగిసిందని మీ పత్రికలో రాయవద్దని మనవి. అదే ఊరి జాలరి విలియం బోడినార్ 1776లో కార్నిష్‌లో ఉత్తరం రాశాడు, 1789 వరకు జీవించాడు. ఆ భాషను మళ్ళీ నేర్చుకోవడానికి 1904లో పుస్తకం వెలువరించిన హెన్రీ జెన్నర్ సమాధి లెలాంట్ చర్చి ఆవరణలో ఉంది.

సమాధానం 2 (పటమట, విజయవాడ):
మా పెద్దలది దివిసీమ కావడం వల్ల, కార్న్‌వాల్‌లోని ఓడ ప్రమాద మృతుల సమాధులే నన్ను ఎక్కువగా కదిలించాయి. ఒకప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను, ఎవరో ఏ మతమో తెలియదన్న కారణంతో, ప్రార్థన కూడా లేకుండా ఇసుకలోనో కొండ అంచునో పాతిపెట్టేవారు. 1807 డిసెంబరులో, ‘లో బార్’ అనే తీరం దగ్గర ఆన్సన్ యుద్ధనౌక పగిలినప్పుడు చనిపోయిన నావికులకూ అదే గతి పట్టింది. దాంతో హెల్‌స్టన్ న్యాయవాది థామస్ గ్రిల్స్ ముసాయిదా రాయగా, అటువంటి శవాలను చర్చి ఆవరణలో మర్యాదగా ఖననం చేయాలని 1808లో చట్టం వచ్చింది. ఆ ప్రమాదాన్ని కళ్ళారా చూసిన హెన్రీ ట్రెంగ్రౌస్, తారాజువ్వ సాయంతో ఓడకూ ఒడ్డుకూ మధ్య తాడు వేసే పరికరాన్ని తయారు చేయడానికే తన జీవితాన్నీ ఆస్తినీ ధారపోశాడు. ఆయన సమాధి హెల్‌స్టన్‌లోనే ఉంది.

మోర్వెన్‌స్టో పాదిరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ రాళ్ళ మధ్య చిక్కిన శవాలను కొండపైకి మోయించి, ఒక్కొక్కరికీ క్రైస్తవ మర్యాదలు జరిపించేవాడు. 1842లో పగిలిన కాలెడోనియా ఓడ నావికులను పూడ్చిన చోట ఆ ఓడ ముందు భాగాన ఉండే బొమ్మనే నిలిపారు. చేత కత్తి, గుండ్రటి డాలు పట్టి నిలబడిన తెల్లని చెక్క బొమ్మ అది. వానకూ ఉప్పుగాలికీ చెక్క పాడైపోవడంతో అసలు బొమ్మను బాగుచేసి చర్చి లోపల భద్రపరచి, దాని నకలును బయట ఉంచారు. సెయింట్ కెవర్న్‌లో 1898 నాటి మొహీగన్ ప్రమాదంలో మరణించిన 106 మందిలో ఎక్కువమంది ఒకే గోతిలో ఉన్నారు. 1864లో బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న మా దివిసీమలో వేల మంది పోయారు. వారిలో ఎందరికో పేరు చెక్కిన రాయి లేదు. మీ వ్యాసంలో ఈ సంగతి కూడా రాస్తే సంతోషిస్తాను.

సమాధానం 3 (కొరిటెపాడు, గుంటూరు):
ప్రఖ్యాతులైన కార్న్‌వాల్ వారందరూ స్వస్థలంలో లేరని కూడా రాయండి. ఆవిరి యంత్రాల నిర్మాత రిచర్డ్ ట్రెవిథిక్‌ను 1833లో లండన్ దగ్గరి డార్ట్‌ఫర్డ్‌లో, గుర్తు రాయి కూడా లేకుండా పూడ్చారు. కార్న్‌వాల్‌లోని ట్రూరోలో పుట్టి, మన దేశానికి వచ్చి, కొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించిన హెన్రీ మార్టిన్ 1812లో టర్కీలోని టోకట్‌లో మరణించాడు.

ఇక మీ సమాధుల తోట విషయం. కార్న్‌వాల్‌లో డెలబోల్ అనే చోట దొరికే పలక రాయి మీద చెక్కిన పాత అక్షరాలు నేటికీ స్పష్టంగా చదవవచ్చు. మన దగ్గర ఏటేటా పొర మీద పొరగా వేసే సున్నం అక్షరాల గాళ్ళను పూడ్చేస్తుంది. కాబట్టి ఈసారి సున్నం వేయించక ముందే, ఉదయపు ఏటవాలు ఎండలో ప్రతి పాత రాయికీ ఫొటో తీయించండి. ఇనుప బ్రష్షుతో గీకనివ్వకండి. మెత్తని కుంచె, మంచినీళ్ళు చాలు. చదవగలిగిన పేర్లను చర్చి ఖననపు రిజిస్టరుతో సరిచూసి, వారసులు లేనివారి పేర్లను పండుగనాటి ప్రార్థనలో చదివించమని పాస్టరుగారిని అడగండి.