కస్టమ్ ఫ్రేమ్: ముందు ఒక చైన్‌రింగా, రెండా?

మూడోగేరు

డ్రాప్ హ్యాండిల్‌తో స్టీల్ ఫ్రేమ్ ఒకటి చేయిస్తున్నాను. కొలతలు ఇచ్చేశాను, ట్యూబులు ఎంచుకున్నాం. ఇప్పుడు ఫ్రేమ్ చేసే ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు: "ముందు డిరైలర్ ఉంటుందా, ఉండదా? అది తేలితే గానీ చైన్‌స్టేలు వంచను." (డిరైలర్ అంటే చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం. చైన్‌స్టేలు అంటే పెడళ్ళ దగ్గర నుంచి వెనక చక్రానికి పోయే రెండు గొట్టాలు.)

వాడకం చెప్తాను. వారంలో మూడు నాలుగు రోజులు తారు రోడ్డు, ఆదివారం మట్టిదారులు, ఏడాదికి రెండుసార్లు సామాను కట్టుకుని కొండల్లోకి. టైర్లు 700 × 38. నా మనసు వన్-బై మీదే ఉంది, అంటే ముందు పెడళ్ళ దగ్గర 40 పళ్ళ రింగు (చైన్‌రింగు) ఒక్కటి, వెనక 11-42 క్యాసెట్ (11 నుంచి 42 పళ్ళ దాకా ఉన్న పళ్ళచక్రాల గుత్తి). తోటి రైడర్లలో సగం మంది మాత్రం టూ-బై పెట్టమంటున్నారు: ముందు 46/30, వెనక 11-34. రెండూ 11 స్పీడే, అంటే వెనక పదకొండు పళ్ళచక్రాలు. వయసు నలభై దాటింది, కాళ్ళు మామూలు కాళ్ళే. ఏం చెయ్యమంటారు?

తుప్పుచైను

ఇంకో ఆలోచన లేకుండా వన్-బై. ముందు డిరైలర్ అంత చిరాకు పెట్టే భాగం సైకిల్లో ఇంకోటి లేదు. ఎక్కుడు మొదట్లో చిన్న రింగుకి మారుద్దామని నొక్కుతాం, చైను కాస్తా లోపలికి పడి ఫ్రేమ్‌కీ రింగుకీ మధ్య ఇరుక్కుంటుంది. బురద చేతులతో లాగుతూ కూర్చోవాలి. నా పాత సైకిల్ చైన్‌స్టే మీద పెయింటు లేచిపోయి, లోపల ఇనుము కనిపించే గీత ఇప్పటికీ ఉంది.

ఒక పన్ను లావు, పక్క పన్ను సన్నం ఉండే నేరో-వైడ్ రింగు, వెనక క్లచ్ (చైను ఊగకుండా బిగువుగా పట్టేది) ఉన్న డిరైలర్ పెడితే ఈ గోల ఉండదు. 2012లో స్రామ్ వాళ్ళు ముందు ఒకే రింగు ఉన్న ఎక్స్‌ఎక్స్ 1 గేర్ల సెట్టు తెచ్చాక మౌంటెన్ బైకుల్లో ముందు డిరైలర్ ఎలా మాయమైందో చూశాం కదా.

లెక్కలపిచ్చి

చిరాకుల సంగతి పక్కన పెట్టి లెక్క చూద్దాం. 38 టైరుతో చక్రం ఒక చుట్టుకి సుమారు 2.18 మీటర్లు పోతుంది.

పై గేరులో తేడా మీకు పనికిరాదు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే 40/11తో (ముందు 40 పళ్ళు, వెనక 11) గంటకి 43 కి.మీ., 46/11తో 49 వస్తుంది. 43 దాటితే దిగుడే కదా, పెడల్ ఆపి కూర్చోవచ్చు.

"వన్-బైలో గేర్ల మధ్య దూరం ఎక్కువ" అని అందరూ అంటారు. అది సగమే నిజం. ఈ రెండు క్యాసెట్లూ 11, 13, 15, 17, 19, 21 వరకు ఒకటే! ఆ తర్వాతే దారులు వేరవుతాయి. 11-42లో 24, 28, 32, 37, 42. 11-34లో 23, 25, 27, 30, 34. కాబట్టి మామూలు రోడ్డు మీద 25-30లో పోతుంటే మీకు తేడా తెలియదు. తెలిసేది ఎదురుగాలిలో. వేగం 20కి పడిందనుకోండి. వన్-బైలో 21 మీద ఉంటే నిమిషానికి 80 చుట్లు, 24కి వేస్తే 92, 28కి వేస్తే 107. టూ-బైలో పెద్ద రింగు మీదే ఉండి 23, 25, 27 మారిస్తే 76, 83, 90. గంటసేపు ఎదురుగాలిలో తొక్కిన వాళ్ళకి "ఒకటి బరువు, ఇంకోటి మరీ తేలిక" అన్న బాధ బాగా తెలుసు.

ఇక అసలు సంగతి కింది గేరు. మీరు, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. పది శాతం ఎక్కుడులో 40/42 మీద నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే గంటకి 7.5 కి.మీ. పోవాలి. దానికి దాదాపు 215 వాట్లు కావాలి. 30/34తో అయితే 6.9 కి.మీ., సుమారు 200 వాట్లు. మామూలు కాళ్ళు అన్నారు. గంటసేపు 200 వాట్లు మామూలు కాళ్ళ పని కాదండీ. రెండూ మీకు బరువైన గేర్లే. 145 వాట్లతో ఎక్కాలంటే వేగం 5కి దిగాలి, గేరు (ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే వచ్చేది) 0.64 దగ్గర ఉండాలి. ముందు 42/26, వెనక 11-40 లాంటిది అన్నమాట. దానికి పొడుగు కేజ్ (చైను వదులుని లాగి పట్టే చట్రం) ఉన్న మౌంటెన్ డిరైలర్ కావాలి, డ్రాప్ హ్యాండిల్ షిఫ్టర్‌తో (గేర్లు మార్చే మీటతో) అది కుదురుతుందో లేదో ముందే చూసుకోవాలి.

పాతసైకిలు

ట్రిపుల్ పెట్టుకో బాబూ. 48/36/26, వెనక 9 స్పీడు 11-34, హ్యాండిల్ చివర ఫ్రిక్షన్ షిఫ్టర్లు. క్లిక్కులు లేవు కాబట్టి ఏ డిరైలర్‌తోనైనా పని చేస్తాయి.

ఈ గొడవ కొత్తది కాదులే. టూర్ ద ఫ్రాన్స్‌లో 1937 దాకా అసలు డిరైలర్‌నే రానివ్వలేదు. అంతకుముందు ఎక్కుడు రాగానే దిగి, వెనక చక్రం విప్పి, తిప్పి బిగించుకునేవాళ్ళు (రెండో పక్క ఇంకో పళ్ళచక్రం ఉండేది). అప్పట్లోనూ "గేర్లు బలహీనులకి" అన్నవాళ్ళు ఉండే ఉంటారు.

తుప్పుచైను

లెక్కలపిచ్చి గారూ, ఇన్ని లెక్కలు వేసి చిన్న లెక్క వదిలేశారు. 40 రింగు తీసి 36 వెయ్యండి. 36/42 అంటే 0.86. మీ టూ-బైలో 30/34 ఎంత? 0.88. కింది గేరు మాదే తేలిక! పైన 36/11తో 90 చుట్లకి 38 కి.మీ. పైచిలుకు వస్తుంది. తారు రోడ్డు మీద రోజూ నలభైలో ఎవరు పోతున్నారండీ?

లెక్కలపిచ్చి

ఒప్పుకుంటున్నా, 36 మంచి మాట. కానీ ఎదురుగాలిలో గేర్ల దూరం అలాగే ఉంటుంది, సామానుతో కొండకి 0.86 కూడా ఎక్కువే. 12 స్పీడులో 10-52 వేస్తే 36/52, అంటే 0.69 వస్తుంది. పైన 36/10 దాదాపు మీ 40/11తో సమానం. అయితే చివర్లో 42 నుంచి ఒకేసారి 52కి దూకుతుంది, కాళ్ళకి తెలుస్తుంది. ఆ క్యాసెట్ పట్టడానికి వెనక హబ్ (చక్రం మధ్య భాగం) మీద ఎక్స్‌డీ డ్రైవర్ అనే భాగం కూడా కావాలి.

బెల్టువాలా

రోలాఫ్ హబ్. గేర్లన్నీ వెనక హబ్ లోపలే. 14 గేర్లు, 526 శాతం (పై గేరు కింది దానికి 5.26 రెట్లు), ప్రతి మెట్టూ 13.6 శాతమే. ఎలాగూ కస్టమ్ ఫ్రేమే కాబట్టి వెనక భాగం విడదీసేలా చేయించుకుని (చైనులా బెల్టుని విప్పలేం కదా) చైనుకి బదులు బెల్టు వేసుకోండి. ఇక ఈ చర్చే ఉండదు.

గ్రీజుచేతులు

మీరంతా గేర్ల గురించి కొట్టుకుంటున్నారు. ఫ్రేమ్ ఆయన అడిగింది గేర్ల గురించి కాదు, చోటు గురించి. రింగులు, క్యాసెట్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చైన్‌స్టే ఒకసారి వంచి అతికించాక మారదు.

నేను చేసిన తప్పు చెప్తా. నాలుగేళ్ళ కింద నా ఫ్రేమ్ వన్-బైకే కట్టించుకున్నాను. తర్వాత మనసు మారి 46/30 క్రాంక్ (పెడల్ చేతులు, రింగులు ఉన్న భాగం) తెచ్చి బిగించాను. చేత్తో తిప్పితే బాగానే తిరిగింది. నిలబడి గట్టిగా ఒక తొక్కు తొక్కగానే "కిర్ర్" మంది. దిగి చూస్తే పెద్ద రింగు పళ్ళు చైన్‌స్టేని వరసగా కొరికాయి. 46 పళ్ళ రింగు వ్యాసార్థం 40 దాని కంటే 12 మి.మీ. ఎక్కువ, అంటే స్టే బయటికి తిరిగే చోటికి అంత దగ్గరవుతుంది. నా దానిలో మధ్య సందు గోరు మందం కూడా లేదు.

కాబట్టి ఆయనకి ఇలా చెప్పండి: 46/30 క్రాంక్ పట్టేలా చైన్‌స్టే ఉండాలి, ఆ క్రాంక్ చైన్‌లైన్ (ఫ్రేమ్ మధ్య గీత నుంచి రింగుల దూరం) ఎంతో చూసి మరీ వంచాలి. రోడ్డు క్రాంకులకి అది 43.5 మి.మీ., మట్టిదారుల కోసం చేసిన షిమానో జీఆర్ఎక్స్‌కి 46.9, రెండూ ఒకటి కాదు. సీట్ ట్యూబ్ గుండ్రటి 28.6 మి.మీ. అయితే ముందు డిరైలర్‌కి బ్రేజింగ్ (ఫ్రేమ్‌కి ముక్క అతికించడం) అక్కర్లేదు, క్లాంపుతో బిగుస్తుంది. కేబుల్ ఆగడానికి ఒక్క స్టాప్ మాత్రం ఇప్పుడే పెట్టించండి. చిటికెన వేలి గోరంత ముక్క అది. బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే చోటు) మరలు ఉన్న బీఎస్ఏ రకం 68 మి.మీ. చాలు, నొక్కి పెట్టే రకం వద్దు.

ఇవన్నీ ఉన్నాక వన్-బై పెట్టుకోండి, తప్పేం లేదు. టూ-బైకి కట్టిన ఫ్రేమ్‌లో వన్-బై హాయిగా పడుతుంది. దాన్ని తిరగేస్తే నా కథ అవుతుంది.

తుప్పుచైను

వాడని స్టాప్ ఫ్రేమ్ మీద పుండులా కనిపిస్తుంది.

గ్రీజుచేతులు

మీ చైన్‌స్టే మీది గీత కంటే అందంగానే ఉంటుంది లెండి.

మూడోగేరు

అందరికీ థాంక్స్. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేశాను. చైన్‌స్టేలు 46/30కి సరిపడేలా వంచుతాడు, కేబుల్ స్టాప్ పెడతాడు, బీఎస్ఏ ఖాయం. మొదట 36 రింగు, 11-42తో తొక్కుతాను. సామాను ప్రయాణంలో మోకాళ్ళు అరిస్తే లెక్కలపిచ్చి గారి 42/26 వైపు పోతాను. రోలాఫ్ నచ్చింది కానీ ఈసారికి కాదు.

ఇంకొక్కటి మిగిలింది. క్రాంక్ పొడవు 170 మి.మీ. తీసుకోనా, 165 తీసుకోనా?

పాతసైకిలు

అది వేరే చర్చ పెట్టు నాయనా. ఇక్కడే మొదలెడితే నీ ఫ్రేమ్ తుప్పు పట్టేదాకా తేలదు.