స్క్రిప్టులో రంగుల అక్షరాలు: తెరమీద బాగానే వస్తున్నాయి, లాగ్ ఫైల్లో చెత్త పడుతోంది

ప్రశ్న:

అందరికీ నమస్తే. ఆఫీసులో ఒక ఉబుంటు సర్వర్ ఉంది. రాత్రిపూట డేటాబేస్ బ్యాకప్ తీయడానికి చిన్న షెల్ స్క్రిప్టు రాశాను. బ్యాకప్ సరిగ్గా పూర్తయితే ఆకుపచ్చలో 'అయింది' అని, లేకపోతే ఎరుపులో 'ఫెయిల్' అని రావాలి. దానికి ఎకో -ఇ వాడి, మాటకు ముందు \033[31ఎం, తర్వాత \033[0ఎం పెట్టాను. నేను కూర్చుని నడిపితే రంగులు చక్కగా వస్తున్నాయి. క్రాన్ (చెప్పిన టైముకి పనులు తనంతట తనే నడిపే ప్రోగ్రాము) నడిపిన రోజు పొద్దున్నే లాగ్ ఫైలును విమ్‌లో తెరిస్తే ఇలా ఉంటోంది:

-ఇ ^[[31ఎంఫెయిల్^[[0ఎం

అదే ఫైలును క్యాట్ చేస్తే రంగు కనిపిస్తోంది, కానీ ముందున్న ఆ -ఇ మాత్రం అలాగే ఉంది! 'ఫెయిల్'తో మొదలయ్యే లైన్ల కోసం మా లీడ్ గారు గ్రెప్ (ఫైల్లో మాటలు వెతికే కమాండు) కొడితే ఒక్కటీ దొరకలేదట. రంగులన్నీ పీకేయమంటున్నారు. తీసేయడం నిమిషం పని, కానీ అసలు ఎందుకిలా అవుతోందో తెలుసుకోవాలని ఉంది. క్రాన్‌లో రాసింది ఇదీ: ఎస్‌హెచ్ బ్యాకప్.ఎస్‌హెచ్ >> బ్యాకప్.లాగ్

(ఫోన్లో తెలుగు కీబోర్డే ఉంది, అందుకని కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే కొట్టాను. \033[31 తర్వాత ఉన్న ఎం అంటే ఇంగ్లీషు చిన్న ఎం అని చదువుకోండి.)

జవాబు 1:

మీకు వచ్చినవి రెండు వేర్వేరు సమస్యలండి. రెండూ ఒకే లైన్లో కనబడేసరికి కలిసిపోయినట్టుంది.

మొదట ఆ -ఇ సంగతి. మీరు చేత్తో నడిపినప్పుడు నడిచింది బాష్ అనే షెల్ (కమాండ్లను అర్థం చేసుకుని నడిపే ప్రోగ్రాము). క్రాన్‌లో 'ఎస్‌హెచ్' అని ముందు రాశారు కాబట్టి స్క్రిప్టు మొదటి లైన్లో బాష్ అని రాసి ఉన్నా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్. 2006లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచీ ఇంతే. చిన్నది, త్వరగా మొదలవుతుంది, సిస్టమ్ బూటయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులు వేగంగా అవుతాయని అలా మార్చారు. డాష్‌లో ఎకోకి -ఇ అనే ఆప్షనే లేదు. దాన్ని కూడా మామూలు మాట అనుకుని అచ్చేస్తుంది. పైగా \033 లాంటివాటిని అడక్కుండానే అర్థం చేసుకుంటుంది. అందుకే మీకు -ఇ కూడా పడింది, రంగూ పడింది.

ఇందులో డాష్ తప్పేమీ లేదు. ఎకోకి బ్యాక్‌స్లాష్ ఇస్తే ఏం చేయాలో పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి నియమాలు) ప్రమాణమే ఆయా షెల్‌కి వదిలేసింది. కాబట్టి రంగుల పని ఉన్నచోట ఎకో జోలికి పోకండి. ప్రింట్ఎఫ్ వాడితే ఏ షెల్లోనైనా ఒకేలా పనిచేస్తుంది:

ప్రింట్ఎఫ్ '\033[31ఎం%ఎస్\033[0ఎం\ఎన్' "ఫెయిల్"

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ మెసేజీని ఆ మొదటి కొటేషన్లలో ఇరికించకండి, %ఎస్ పెట్టి విడిగా ఇవ్వండి. రేపు "డిస్క్ 90% నిండింది" అనే మెసేజీ రాస్తారు. అది మొదటి కొటేషన్లలో ఉంటే ఆ శాతం గుర్తు చూసి ప్రింట్ఎఫ్ కంగారుపడి ఎర్రర్ ఇస్తుంది.

ఇక రెండోది, అసలు కథ. రంగు అనేది మీ స్క్రిప్టు వేసేది కాదు. స్క్రిప్టు పంపేది అక్షరాలే. అందులో మొదటిది ఎస్కేప్ అనే కంటికి కనబడని అక్షరం, ఆస్కీలో దాని నంబరు 27. అదే ఆక్టల్లో 033, హెక్స్‌లో 1బి. దాని వెనక చదరపు బ్రాకెట్టు, తర్వాత ఒకటో రెండో అంకెలు, చివర ఎం. ఈ వరస కనబడగానే "ఇవి చూపించాల్సిన అక్షరాలు కావు, నాకు చెప్పిన పని" అని టెర్మినల్ గుర్తుపట్టి, అక్కణ్ణుంచి రంగు మారుస్తుంది. కుళాయి తిప్పడం లాంటిది, మళ్ళీ 0 పంపి కట్టేదాకా ఆ రంగే పారుతూ ఉంటుంది.

ఫైలుకి ఇదేమీ తెలియదు. వచ్చిన బైట్లు వచ్చినట్టు దాచుకుంటుంది. విమ్ ఆ ఎస్కేప్‌ని ^[ అని చూపిస్తుంది. క్యాట్ వాటిని అలాగే టెర్మినల్‌కి పంపేస్తుంది కాబట్టి రంగు మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. మీ లీడ్ గారి గ్రెప్‌కి దొరకకపోవడానికీ కారణం ఇదే. లైను 'ఫెయిల్'తో మొదలుకావడం లేదు. -ఇ తీసేసినా ముందు ఎస్కేప్ ఉంటుంది కదా.

కాబట్టి స్క్రిప్టు మొదట్లోనే ఒక మాట అడగాలి: నా అవుట్‌పుట్ ఇప్పుడు టెర్మినల్‌కి పోతోందా, ఇంకెక్కడికైనా పోతోందా? షెల్లో దానికి [ -టి 1 ] ఉంది. 1 అంటే మామూలు అవుట్‌పుట్, ఎర్రర్లకైతే 2.

ఇఫ్ [ -టి 1 ]; దెన్
ఎరుపు=$(ప్రింట్ఎఫ్ '\033[31ఎం')
ఆకుపచ్చ=$(ప్రింట్ఎఫ్ '\033[32ఎం')
మామూలు=$(ప్రింట్ఎఫ్ '\033[0ఎం')
ఎల్స్
ఎరుపు='' ఆకుపచ్చ='' మామూలు=''
ఎఫ్ఐ

ప్రింట్ఎఫ్ '%ఎస్%ఎస్%ఎస్\ఎన్' "$ఎరుపు" "ఫెయిల్" "$మామూలు"

వేరియబుల్ పేర్లు ఇక్కడ అర్థం కావడానికి తెలుగులో రాశాను. మీరు ఇంగ్లీషులోనే పెట్టుకోవాలి, షెల్ తెలుగు పేర్లను ఒప్పుకోదు. (పైథాన్ 3 ఒప్పుకుంటుంది, సరదాకి ఒకసారి ప్రయత్నించండి.)

ఈ -టి 1 పరీక్షను స్క్రిప్టు మొదట్లో ఒక్కసారే చేయండి. దాన్ని ఫంక్షన్లో పెట్టి, ఆ ఫంక్షన్‌ని $( ) లోంచి పిలిస్తే, అప్పుడు దాని అవుట్‌పుట్ పైపులోకి పోతుంది కాబట్టి ఎప్పుడూ "టెర్మినల్ కాదు" అనే జవాబొస్తుంది. రంగు ఎందుకు రావట్లేదో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఎల్ఎస్, గ్రెప్ లాంటివాటిలో కలర్=ఆటో అని ఉండేది కూడా ఇదే పరీక్ష. ఆల్వేస్ అని పెడితే పైపులోకి కూడా రంగు పంపిస్తాయి. చాలామంది ఏలియాస్‌లో ఆల్వేస్ పెట్టేసి తర్వాత ఇబ్బంది పడతారు.

జవాబు 2:

బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను. అంకెలు ఇలా నేరుగా రాయడం కంటే టీపుట్ వాడటం పద్ధతి. టీపుట్ సెట్ఏఎఫ్ 1 అంటే ఎరుపు, 2 అంటే ఆకుపచ్చ, టీపుట్ ఎస్‌జీఆర్0 అంటే మామూలు. ఏ టెర్మినల్‌కి ఏ కోడ్ పంపాలో అదే డేటాబేస్‌లో చూసుకుని పంపుతుంది.

జవాబు 1:

పాతకాలంలో అది చాలా అవసరం అండి, ఒక్కో కంపెనీ టెర్మినల్‌కి ఒక్కో భాష ఉండేది. ఈరోజు వాడుకలో ఉన్నవన్నీ దాదాపు ఒకే ప్రమాణం పాటిస్తున్నాయి. ఆ ప్రమాణం పేరు ఎక్మా-48. దాని మొదటి ముద్రణ 1976లో వచ్చింది, ఆ దారిలో జనంలోకి బాగా వెళ్ళిన టెర్మినల్ డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100. (దానికి రంగులు లేవు! మెరుపు, గీత, ముదురు అక్షరం, తిరగేసిన వెలుగు మాత్రమే.) ఈయన పరిస్థితిలో టీపుట్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. క్రాన్‌లో టర్మ్ వేరియబుల్ (ఏ రకం టెర్మినలో చెప్పేది) ఉండదు, టీపుట్ అదే ఫిర్యాదు చేస్తూ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ క్రాన్ మెయిల్లో వచ్చి పడుతుంది. -టి 1 పరీక్ష లోపల పెడితే పర్వాలేదు. రెండు మూడు రంగుల కోసమైతే నేను అంకెలే రాస్తాను.

అడిగినవారు:

చాలా థాంక్సండి. క్రాన్‌లో 'ఎస్‌హెచ్' తీసేసి నేరుగా స్క్రిప్టునే పిలిచాను, ప్రింట్ఎఫ్‌కి మార్చాను, పరీక్ష పెట్టాను. లాగ్ శుభ్రంగా ఉంది.

ఇంకో రెండు అడగనా? ఒకటి, నేను కూర్చుని నడిపినప్పుడు తెరమీదా కావాలి, లాగ్‌లోనూ కావాలి. టీ కమాండు (వచ్చినదాన్ని తెరకీ ఫైలుకీ రెండింటికీ పంపేది) పెడితే రంగులు పోయాయి. రెండు, డేటాబేస్ పేరు, సైజు, స్థితి అని మూడు నిలువు వరసల్లో చూపిస్తున్నాను. స్థితిని మధ్యకు తెచ్చి రంగు వేస్తే దాని పక్క వరస వంకరపోతోంది.

జవాబు 1:

టీ పెట్టినప్పుడు మీ స్క్రిప్టు చూసేది పైపునే, టెర్మినల్‌ని కాదు, అందుకే రంగు మానేసింది. అంటే మీ పరీక్ష సరిగ్గా పనిచేస్తోందన్నమాట. దాన్ని మోసం చేయడానికి దార్లు ఉన్నాయి కానీ, మళ్ళీ లాగ్‌లో చెత్త పడుతుంది. టీని వదిలేయండి. ఒక చిన్న ఫంక్షన్ రాసి అందులో రెండు ప్రింట్ఎఫ్‌లు పెట్టండి: ఒకటి తెరకి, రంగుతో; రెండోది >> తో లాగ్ ఫైలుకి, రంగు లేకుండా, ముందు తేదీ, టైముతో. స్క్రిప్టంతా ఆ ఫంక్షన్‌తోనే మాట్లాడించండి. క్రాన్ లైన్లో అప్పుడు >> అవసరం లేదు, అది తీసేయడం మర్చిపోతే ప్రతి లైనూ రెండుసార్లు పడుతుంది.

వరసలు వంకరపోయేది లెక్క తేడా వల్ల. %-12ఎస్ అంటే పన్నెండు గడులు నింపు అని కదా. మీరు రంగుతో కలిపి ఇస్తే, ముందున్న \033[31ఎం అయిదు బైట్లు, చివరి \033[0ఎం నాలుగు, మొత్తం తొమ్మిది బైట్లు కూడా మాటలో భాగమే అని లెక్కేస్తుంది. తెరమీద అవి గడులు ఆక్రమించవు. కాబట్టి ముందు గడులు నింపించి, ఆ తర్వాత బయట రంగు చుట్టండి:

ప్రింట్ఎఫ్ '%-12ఎస్ %ఎస్%-8ఎస్%ఎస్ %ఎస్\ఎన్' "$పేరు" "$ఎరుపు" "$స్థితి" "$మామూలు" "$సైజు"

రంగు, స్థితి, మామూలు మూడూ విడివిడిగా ఇచ్చాను చూడండి. కిటుకు అంతా అదే.

జవాబు 3:

స్థితి తెలుగులో రాస్తున్నారా అండి? అయితే ఇది చేసినా వంకర పోదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. 'తెలుగు' అనే మాట మనకి మూడు అక్షరాలు, పైథాన్ లెన్ అడిగితే ఆరు, షెల్ ప్రింట్ఎఫ్ లెక్కలో పద్దెనిమిది. పైగా ఒత్తులూ గుణింతాలూ తెరమీద ఎంత వెడల్పు పడతాయన్నది టెర్మినల్‌ని బట్టి మారుతుంది. తెలుగు మాటను చివరి వరసలో పెట్టండి, దాని తర్వాత సర్దాల్సింది ఏమీ ఉండదు.

ఇంకోటి, మాటలో కొంత భాగానికే రంగు వేయాలనుకుంటే అక్షరం మధ్యలో కోయకండి. 'కి'లో క తర్వాత రంగు మారిస్తే గుడి విడిపోయి చుక్కల వలయం మీద కూర్చోవచ్చు.

అడిగినవారు:

అవును, స్థితి తెలుగులోనే. చివరికి తెచ్చాను, ఇప్పుడు వరసలు నిలబడ్డాయి.

జవాబు 4:

ఒక మనవి. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు, పుట్టుకతోనే. మీరు 'అయింది', 'ఫెయిల్' అని మాటలు కూడా రాస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. కొందరు ఉత్త రంగు చుక్క పెట్టి వదిలేస్తారు, మాలాంటివాళ్ళకి రెండూ ఒకటే. మాట ఎప్పుడూ ఉండనివ్వండి.

జవాబు 2:

దాంతోపాటు నల్లటి తెరమీద 34, అంటే ముదురు నీలం, వాడకండి. చాలా టెర్మినళ్ళలో అసలు చదవలేం. తెల్లటి తెర పెట్టుకున్నవాళ్ళకి 33 పసుపుతో అదే బాధ. వాళ్ళ తెర ఏ రంగో మనకి తెలియదు కాబట్టి 31, 32, కొంచెం 36, మరీ అవసరమైతే ముదురు అక్షరానికి 1. నేను అంతకు మించి పోను. 38;5 తర్వాత అంకె పెట్టి 256 రంగులు, 38;2 తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు పెట్టి కోటీ అరవై లక్షల పైచిలుకు రంగులు వేసుకోవచ్చు. బ్యాకప్ స్క్రిప్టుకి అవన్నీ ఎందుకు?

రంగే వద్దనుకునేవాళ్ళ కోసం ఇంకో అలవాటుంది. 2017 నుంచి చాలా ప్రోగ్రాములు నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తున్నాయి. అందులో ఏదైనా ఉంటే రంగు వేయవు. మీ ఇఫ్‌లో ఆ షరతు కూడా చేర్చండి: [ -టి 1 ] && [ -జెడ్ "$నో_కలర్" ]. వేరియబుల్ పేరు మాత్రం అన్నీ పెద్దక్షరాల్లో.

జవాబు 5:

సందట్లో నాదొకటి. బాష్ ప్రాంప్ట్‌కి రంగు వేశాను. పొడవైన కమాండు కొడితే కింది లైనుకి వెళ్ళకుండా అదే లైను మొదటికొచ్చి పాత అక్షరాల మీదే పడుతోంది. ఇదీ ఇలాంటిదేనా?

జవాబు 1:

ఇలాంటిదే తమ్ముడూ, ఇదీ లెక్క తేడానే. ప్రాంప్ట్ ఎన్ని గడులు పట్టిందో బాష్ లెక్కపెట్టుకుంటుంది. ప్రాంప్ట్ ఎలా ఉండాలో చెప్పే పీఎస్1 వేరియబుల్లో ప్రతి రంగు కోడ్‌నీ \[ కి \] కి మధ్య పెట్టు. వాటి మధ్య ఉన్నది తెరమీద చోటు తీసుకోదని దానికి అర్థమవుతుంది.

అడిగినవారు:

ఆఖరిది. మా టీమ్‌లో ఒకమ్మాయి ఇదే పని విండోస్‌లో పైథాన్‌తో చేస్తోంది. ఆమెకి ఎస్కేప్ కోడ్లే కనిపిస్తున్నాయి, రంగు రావడం లేదు.

జవాబు 3:

విండోస్ టెర్మినల్ అనే కొత్త యాప్‌లో నడిపిస్తే మామూలుగానే వస్తాయి. పాత కన్సోల్ విండో అయితే, విండోస్ 10 నుంచి దానికీ ఈ కోడ్లు అర్థమవుతాయి కానీ ఆ సౌకర్యాన్ని ప్రోగ్రామే ఆన్ చేయాలి. పైథాన్లో కలరామా ప్యాకేజీ వేసుకుని, మొదట్లో జస్ట్_ఫిక్స్_విండోస్_కన్సోల్ అనే ఫంక్షన్ ఒక్కసారి పిలిస్తే చాలు. తెరకి పోతోందా లేదా అన్న పరీక్షకి అక్కడ సిస్.ఎస్‌టీడీఅవుట్.ఈజ్‌ఏటీటీవై() వాడమనండి.

అడిగినవారు:

ఆమెకి కూడా పనిచేసింది. మా లీడ్ గారికి పాత లాగ్ ఫైళ్ళు కూడా శుభ్రం చేసి ఇవ్వాలట.

జవాబు 1:

చదవడానికే అయితే శుభ్రం చేయక్కర్లేదు, లెస్ -ఆర్ (పెద్ద ఆర్) తో తెరవమనండి, కోడ్ల బదులు రంగులే కనిపిస్తాయి. గ్రెప్ కొట్టాలంటే మాత్రం తీసేయాల్సిందే. లినక్స్‌లో ఉండే సెడ్‌ (ఫైల్లో మాటలు మార్చే కమాండు) తో ఇలా: సెడ్ 's/\x1b\[[0-9;]*m//g'. ఈ ఒక్కటీ ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. లైను మొదట్లో ఉన్న -ఇ కోసం ఇంకో సెడ్ నడపాలి. ముందు ఫైలుకి కాపీ తీసి పెట్టుకోండి.