ఇంగ్లీష్ ఇడియమ్స్ (జాతీయాలు) గుర్తుండట్లేదు, ఎట్లా చదవాలి?

నల్గొండ ఆస్పిరెంట్:
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు ప్రిపేర్ అవుతున్నా. తెలుగు మీడియం. మ్యాథ్స్, రీజనింగ్ పర్వాలేదు, ఇడియమ్స్ దగ్గరే టెన్షన్. కోచింగ్ వాళ్లిచ్చిన పీడీఎఫ్ పొద్దున బట్టీ పడితే సాయంత్రానికి సగం ఉండట్లేదు. ‘మీట్ వన్స్ వాటర్లూ’, ‘క్యారీ కోల్స్ టు న్యూకాసిల్’ లాంటివైతే తలకే ఎక్కట్లేదు. సీనియర్లు ఏదైనా దారి చెప్పండి.

పాలమూరు ఇంగ్లీష్ సార్:
తమ్ముడూ, ఆ పీడీఎఫ్ పక్కన పెట్టు. ఏ, బీ, సీ వరుసలో ఇడియమ్స్ చదవడమంత దండగ పని ఇంకోటి లేదు. ముందు ఊళ్ల పేర్లు, మనుషుల కథలు ఉన్నవి ఏరుకో.

వాటర్లూ ఇప్పటి బెల్జియంలో ఉంది. 1815 జూన్ 18న నెపోలియన్ అక్కడ ఓడాడు, మళ్లీ లేవలేదు. అందుకే గెలుస్తూ వచ్చినవాడు చివరికి కోలుకోలేని దెబ్బ తింటేనే ఆ మాట వాడాలి. ఆప్షన్లలో ఉత్త ‘ఓటమి’, ‘ఆఖరి ఓటమి’ రెండూ ఉంటే రెండోదే పెట్టు.

న్యూకాసిల్ ఇంగ్లండ్‌లో బొగ్గుకు పెట్టింది పేరు. లండన్‌కు ఓడల మీద బొగ్గు అక్కడి నుంచే పోయేది. అట్లాంటి ఊరికి బొగ్గు మోసుకుపోవడమంటే, మీ మిర్యాలగూడ రైసుమిల్లుకు బియ్యం బస్తా అమ్మబోయినట్టే.

‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’కి నెల్సన్ కథ చెబుతారు. బ్రిటిష్ నౌకాదళ అధికారి, కుడికన్ను చూపు పోయిన మనిషి. 1801 కోపెన్‌హేగన్ యుద్ధంలో వెనక్కి తగ్గమని పై అధికారి జెండాలు ఎగరేయిస్తే, టెలిస్కోప్ ఆ కంటికే పెట్టుకుని ‘నాకే సిగ్నలూ కనబడట్లేదే’ అన్నాడట. చూసీ చూడనట్టు వదిలేయడమని ఇంకా బట్టీ పట్టాలా?

సూర్యాపేట అక్క:
సార్ చెప్పింది బాగుంది. కానీ అన్నిటికీ కథ దొరకదు, దొరికినా నమ్మలేం. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’కు, వానకు గడ్డి కప్పుల మీంచి కుక్కలూ పిల్లులూ జారిపడేవని నెట్‌లో తిరిగేదంతా కల్పనే. జోరువాన, అంతే. ఇట్లాంటివి సొంత వాక్యంలో పెట్టి రాసుకో. టైర్-1 (మొదటి దశ పరీక్ష)లో ఒక్క తప్పుకు అర మార్కు పోతుంది, ఊహించి పెట్టకు.

నల్గొండ ఆస్పిరెంట్:
థ్యాంక్స్ అక్కా. సార్, ‘క్రాస్ ద రూబికాన్’ కూడా కథ ఉన్నదేనా?

పాలమూరు ఇంగ్లీష్ సార్:
ఆ. రూబికాన్ ఇటలీలో చిన్న నది. సైన్యంతో దాన్ని దాటి రావొద్దన్నది రోమ్ చట్టం. క్రీ.పూ. 49లో రోమ్ సేనాని సీజర్ దాటాడు, ఇక యుద్ధమే, వెనక్కి పోయేది లేదు. రాత్రికి ‘అకిలీస్ హీల్’, ‘పిరిక్ విక్టరీ’ నువ్వే వెతికి ఇక్కడ రాయి, దిద్దుతా.