సర్వేవాళ్ళు అత్తగారింటికి వస్తామంటున్నారు, ఏం చెప్పాలి?

కడప_కోడలు:
నాకు 23 ఏళ్ళు. నేను ఏడాది పిల్లగా ఉన్నప్పుడు మా పుట్టింటి ఊళ్ళో పిల్లల మీద ఒక సర్వే మొదలైంది. అప్పటి నుంచి మూడు నాలుగేళ్ళకోసారి వస్తూనే ఉన్నారు. బరువు, ఎత్తు, నిన్న ఏం తిన్నావు, బడికి ఎంతసేపు నడుస్తావు, ఇంట్లో గేదెలెన్ని, అప్పు ఎంత... ఇలా గంటల తరబడి అడుగుతారు. చిన్నప్పుడు ఒక పుస్తకంలో నాలుగు బొమ్మలు చూపించి, వాళ్ళు చెప్పిన మాటకి సరిపోయే బొమ్మ మీద వేలు పెట్టమనేవాళ్ళు. అదొక్కటే నాకు ఇష్టంగా ఉండేది. లాక్‌డౌన్‌లో ఫోన్ చేసి మరీ అడిగారు.

ఇప్పుడు నాకు పెళ్ళై మూడేళ్ళు, తొమ్మిది నెలల పాప. మొన్న మా అమ్మ దగ్గర నంబర్ తీసుకుని ఫోన్ చేసి, వచ్చే వారం ఇక్కడికే వస్తామన్నారు. అత్తమ్మ పక్కనే ఉండి విన్నది. "పెళ్ళైన పిల్ల బరువుతో వాళ్ళకేం పని? వెతుక్కుంటూ ఇంతదూరం రావడమేంది?" అని అప్పటి నుంచి అదే మాట. మా ఆయన ఏమీ అనలేదు, కానీ ముఖం చూస్తే తెలుస్తుంది. నాకు టెన్షన్‌గా ఉంది. వద్దంటే ఏమైనా ఇబ్బందా? అసలు నన్నే ఎందుకు పట్టుకున్నారు?

రాజు_బీటెక్:
ఈ రోజుల్లో ఫ్రీగా ఎవరూ ఏదీ చేయరు. ఆధార్ నంబర్, ఓటీపీ మాత్రం ఇవ్వకండి. వద్దని చెప్పేయండి, అయిపోతుంది.

సంచిలో_త్రాసు:
చెల్లీ, ముందు ఒక మాట. ఊరి పేరు, సర్వే పేరు ఇక్కడ రాయలేదు, మంచి పని చేశావు. ఇకముందు కూడా రాయొద్దు. ఏయే ఊళ్ళు ఎంచుకున్నారో ఇలాంటి సర్వేలవాళ్ళు బయటికి చెప్పరు. వాళ్ళ లెక్కల్లో నీకు పేరుండదు, నంబరే ఉంటుంది.

నేను ఇలాంటి సర్వే ఒకదానిలోనే రెండు విడతలు తిరిగాను, పాలమూరు వైపు. ఎత్తు కొలిచే చెక్క, బరువు మిషను సంచిలో వేసుకుని బస్సెక్కితే కండక్టర్ లగేజీ టికెట్ కొట్టేవాడు. ఏడాది పిల్లని కొలవడం ఇద్దరి పని. చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ళు మెల్లగా అదిమి పాదాలకి పలక తాకించాలి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. ఒక ఇంట్లో అవ్వ అరుగు మీంచి దిగొచ్చి "పాడెకి కొలతలా అవి?" అని తిట్టింది. తిట్టదా మరి. ఏడుపు ఆగేదాకా కూర్చుని మళ్ళీ కొలిచాం. రెండు కొలతలకీ తేడా ఎక్కువుంటే సూపర్‌వైజర్ కాగితం వెనక్కి కొట్టేవాడు.

పుట్టిన తేదీ ఇంకో తలనొప్పి. "పీర్ల పండగ అయ్యాక, శనక్కాయ పీకేటప్పుడు" అంటారు. కూర్చుని లెక్కేసుకోవాలి. ఏడాది పిల్ల విషయంలో రెండు నెలలు అటూ ఇటూ అయితే, ఎత్తు సరిగా ఉన్న పిల్ల కూడా గిడసబారినట్టు తేలుతుంది.

ఇక నిన్నే ఎందుకంటే, కొత్త పిల్లని తెచ్చి నీ స్థానంలో పెట్టడానికి కుదరదు. ఏడాది వయసులో నీ బరువెంతో, ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు ఎన్ని మాటలు గుర్తుపట్టావో వాళ్ళ దగ్గరుంది. దానికి ఇప్పటి నిన్ను జోడిస్తేనే అది పనికొస్తుంది. మాకు ఎక్కువ తిరుగుడంతా దొరకని వాళ్ళ కోసమే. పుణె వలసపోయిన ఇల్లు, బడి మానేసి హోటల్లో చేరిన పిల్లాడు, పెళ్ళై వెళ్ళిన అమ్మాయి. ఇంటి దగ్గర దొరికినవాళ్ళనే కొలుచుకుంటూ పోతే ఇరవై ఏళ్ళకి లెక్కలో మిగిలేది స్థిమితంగా ఉన్నవాళ్ళే. పిల్లలంతా బాగున్నారని రిపోర్టు వస్తుంది.

అయినా వద్దనే హక్కు నీకు పూర్తిగా ఉంది. వద్దంటే రేషన్‌కీ పథకాలకీ ఏ సంబంధం లేదు. ఒప్పుకుంటే ఆడమనిషినే పంపమను. గుర్తింపు కార్డు, ఉత్తరం ముందు మీ అత్తమ్మ చేతికే ఇవ్వమను. మేం చేసిన తప్పేంటంటే కోడలితో మాట్లాడి వచ్చేసేవాళ్ళం, పెద్దావిడని పలకరించే తీరిక ఉండేది కాదు. ఇంకొకటి: కొన్ని ప్రశ్నలు ఒంటరిగా అడుగుతారు. అవి అక్కడ వద్దు. పుట్టింటికి వెళ్ళినప్పుడు పెట్టుకోమను, వింటారు.

రాజు_బీటెక్:
అక్కా, బాగా చెప్పారు. కానీ ఇరవై ఏళ్ళు కొలిచి చివరికి ఏం తేల్చారు? పేదోళ్ళ పిల్లలు బక్కగా ఉంటారనా? అది మా నాయనమ్మ కూడా చెప్తుంది. వాళ్ళు పేపర్లు రాసుకుంటారు, ఊరికి ఒక బోరైనా వేశారా?

సంచిలో_త్రాసు:
బోరు వేయరు. ఆ ప్రశ్న నన్ను ప్రతి ఊళ్ళో అడిగారు. కొలుస్తున్న ఊళ్ళోనే బోరు వేస్తే ఆ ఊరు పక్క ఊళ్ళలా ఉండదు, లెక్క చెడిపోతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. ఎండలో నీళ్ళిచ్చిన మనిషికి ఆ జవాబు చెప్పడం నాకే సిగ్గుగా ఉండేది.

కానీ ఏమీ తేలలేదంటే ఒప్పుకోను. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళ సంగతి విను. 1987 నుంచి 1990 దాకా 15 ఊళ్ళలో గర్భిణులకీ ఆరేళ్ళలోపు పిల్లలకీ అంగన్‌వాడీలో రోజూ ఉప్మా పెట్టారు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో. మిగతా 14 ఊళ్ళకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు అప్పట్లో పుట్టిన పిల్లల బరువులు చూశారు, తేడా పెద్దగా కనపడలేదు. అక్కడితో ఆపేసి ఉంటే ఉప్మా దండగ అనే అనుకునేవాళ్ళు. 2003-05లో మళ్ళీ వెళ్ళి అదే పిల్లల్ని, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళని, 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అదేం గొప్ప అంటావు, సరే. కానీ వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు అంత బిరుసెక్కలేదు. షుగరు, గుండె జబ్బుల దారి అక్కడే మొదలవుతుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి తిన్న ఉప్మా పదిహేనేళ్ళకి రక్తంలో కనపడింది. మీ నాయనమ్మకి ఇది తెలుసా?

ఇంకొకటి యంగ్ లైవ్స్ అని, పిల్లల్ని ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చిన సర్వే. 2002లో మొదలైంది, ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇక్కడ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మొత్తం 12 వేల మంది పిల్లలైతే మనవాళ్ళు 3 వేల మంది. ఆ ఏడాది కరువు నీకు గుర్తుండకపోవచ్చు, నాకుంది. పసితనంలో ఆ కరువు దెబ్బ తిన్న పిల్లలు తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం దొరికాక కోలుకున్నారని ఆ కొలతల్లోనే తేలింది. మొదటి రెండేళ్ళలో గిడసబారితే ఇక అంతే అనేవాళ్ళు అప్పట్లో. బడి అన్నం దండగ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి చూపించడానికి ఒక కాగితమైతే ఉంది.

అంగన్‌వాడీ_టీచర్:
మేమూ నెలనెలా బరువులు తీస్తాం, గ్రోత్ చార్ట్ నింపుతాం. ఆరేళ్ళు నిండగానే పిల్ల మా రిజిస్టర్‌లోంచి పోతుంది. తర్వాత ఏమైందో మాకు తెలిసేది ఎక్కడైనా పెళ్ళిలో కనపడితేనే. నా చేతి మీదుగా గుడ్డు తిన్న పిల్ల మొన్న కానిస్టేబుల్ డ్రెస్సులో వచ్చి నమస్తే టీచర్ అంది, పేరు చెప్పేదాకా గుర్తుపట్టలేదు. ఇంకొకడు బరువు బాగా తక్కువై చార్ట్‌లో ఎర్ర గీతలో ఉండేవాడు, వాడి సంగతి నాకు ఈనాటికీ తెలియదు. అమ్మా కడప కోడలా, నువ్వు ఒప్పుకుంటేనే బాగుంటుందని నాకనిపిస్తుంది. అత్తమ్మని మాత్రం కూర్చోబెట్టి చెప్పు, దాచొద్దు.

కడప_కోడలు:
అందరికీ థాంక్స్. ఆడమనిషినే పంపమని ఫోన్ చేశాను, సరేనన్నారు. ఆదివారం మా అమ్మ కూడా వస్తుంది. ఉప్మా సంగతి అత్తమ్మకి చదివి వినిపించాను. "మేం కడుపుతో ఉన్నప్పుడు మాకెవరు పెట్టారు ఉప్మా" అంది. ఇంకేమీ అనలేదు.

సంచిలో_త్రాసు అక్కా, ఒక్క డౌట్. మా పాప ఇప్పుడు ఏడు కిలోలు. నేను ఏడాది పిల్లగా ఎంత ఉన్నానో వాళ్ళ దగ్గర ఉంటుంది కదా, అడిగితే చెప్తారా?

సంచిలో_త్రాసు:
వచ్చే అమ్మాయి దగ్గర ఉండకపోవచ్చు. నీ నంబర్ రాసుకుని సూపర్‌వైజర్‌ని అడగమను. అది నీ బరువే, అడగడంలో తప్పులేదు. నేను తిరిగిన రెండు విడతల్లో ఒక్కరూ అడగలేదు, అడిగితే నేనే వెతికి పెట్టేదాన్ని. పాపని ఈ నెల అంగన్‌వాడీలో చూపించు. బట్టలు తీసి తూచమను, స్వెటర్‌తో తూస్తే పావు కిలో ఎక్కువ చూపిస్తుంది.