మా బస్తీ మెట్లబావిని బాగుచేసి సాంస్కృతిక కేంద్రంగా మలచాలంటే మొదట ఏం చేయాలి?

ప్రశ్న – బస్తీ కమిటీ సభ్యుడు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా బస్తీ నడుమ ఒక పాత మెట్లబావి, దానికి మూడు వైపులా రాతి కమానుల వసారా, ఎదురుగా పోచమ్మ గుడి, గుడి ముందు వేపచెట్టు ఉన్నాయి. మా నాయనమ్మ కాలంలో ఆ నీళ్లే తాగేవారు. బావి అంచు రాతి మీద చేదతాళ్లు ఒరుసుకొని పడిన గాట్లలో ఇప్పటికీ చూపుడువేలు పూర్తిగా ఇముడుతుంది. గడిచిన ముప్పై ఏళ్లలో కూల్చిన ఇళ్ల మట్టి, ప్లాస్టిక్ సంచులు, నిమజ్జనం చేసిన విగ్రహాల చువ్వలు చేరి నీరన్నది కనిపించకుండా పోయింది. అయినా సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు ఆ వసారా ముందే ఆడతారు. ఆషాఢంలో బోనాలకు ఒగ్గు (చిన్న డమరుకం) వాయిస్తూ దేవతల కథలు చెప్పే ఒగ్గు పూజారులు అక్కడే కూర్చుని ఎల్లమ్మ కథ చెబుతారు.

2022 డిసెంబరులో బన్సీలాల్‌పేట మెట్లబావి తిరిగి తెరుచుకున్నప్పటి నుంచి మావాళ్లకూ ఆశ పుట్టింది. ఇప్పుడు ఒక సంస్థ డబ్బు సమకూరుస్తామని వచ్చి, ఈ స్థలాన్ని సాంస్కృతిక కేంద్రంగా తీర్చిదిద్దుతామంటూ ఒక నమూనా చిత్రం చూపించింది. అందులో రంగు దీపాలు, ఫలహారశాల, టికెట్ల గది ఉన్నాయి గాని బతుకమ్మ ఆడే జాగా లేదు, వేపచెట్టు కూడా లేదు. వద్దంటే బావి చెత్తకుండీగానే మిగిలిపోతుంది, సరేనంటే మా చేయి దాటిపోతుందేమోనని భయంగా ఉంది. పని ఏ క్రమంలో మొదలుపెట్టాలో, ఒప్పందంలో ఏమేమి రాయించుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 – సున్నపు పని పర్యవేక్షకుడు

పాత కట్టడాల మరమ్మతులో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా మొదట ఒక హెచ్చరిక చేస్తాను. పూడిక తీసే ఉత్సాహంలో మోటార్లు పెట్టి రెండు రోజుల్లో నీరంతా తోడించకండి. బావి గోడ వెనకాల మట్టి తడిసి బరువుగా ఉంటుంది. లోపలి నీరు ఇన్నాళ్లూ దానికి ఎదురు నిలిచి గోడను కాచింది. నీటిని ఒక్కసారిగా తీసేస్తే వెనక ఒత్తిడికి రాళ్లు లోపలికి ఒరుగుతాయి. కొద్ది కొద్దిగా తోడుతూ, బలహీనంగా ఉన్నచోట దన్ను పెట్టుకుంటూ దిగాలి. వానాకాలంలో అసలే ముట్టుకోకూడదు. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావోలీ (పెద్ద మెట్లబావి) గోడ 2013 వానలకే కూలింది. దాన్ని ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు వారు రాయి రాయీ పేర్చి నిలబెట్టారు, గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. వీలైతే మీ కమిటీ వాళ్లంతా ఒక ఆదివారం వెళ్లి దాన్ని చూసి రండి.

రెండోది సిమెంటు. మేస్త్రీ ఎవరైనా సరే, 'పైపైన కొంచెం సిమెంటు పూద్దాం' అంటే ఒప్పుకోవద్దు. సిమెంటు గట్టిగా పట్టేసి తేమను బయటికి పోనివ్వదు. దారి దొరకని తేమ రాయిలోంచే పోతూ ఉప్పును పైకి తెస్తుంది, కొన్నేళ్లకు రాయి పొరలు పొరలుగా రాలుతుంది. పాత గోడకు డంగుసున్నమే తగినది. సున్నాన్ని గుంతలో నానబెట్టి వారాల తరబడి మాగనిచ్చి, ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు చేర్చి వాడతారు. బాగా మాగిన సున్నాన్ని వేళ్ల మధ్య రాస్తే వెన్నలా జారుతుంది, పలుకు తగలదు. అది తెలిసిన పనివాళ్లు నగరంలో ఇప్పటికీ ఉన్నారు. మీ బస్తీ యువకులను ఇద్దరు ముగ్గురిని వారి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టాలని ఒప్పందంలో రాయించండి. బావి బాగుపడేలోగా ఒక విద్య కూడా బస్తీలో మిగులుతుంది, తరువాతి మరమ్మతులకు ఎవరినీ వెతుక్కోనక్కరలేదు.

గోడల్లో మొలిచిన రావి మొక్కలను తొలగించాల్సిందే గాని పట్టి పీకకండి, వేళ్లతోపాటు రాళ్లూ కదులుతాయి. వేపచెట్టు మాత్రం ఉండనివ్వండి.

కాగితాల విషయం కూడా ముందే తేల్చుకోవాలి. స్థలం మున్సిపాలిటీదా, దేవాదాయ శాఖదా, వక్ఫ్‌దా అన్నది రికార్డుల్లో చూడండి. దగ్గరలో కేంద్ర రక్షిత కట్టడం ఏదైనా ఉంటే, పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం దాని రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. రాష్ట్రానికి 2017 వారసత్వ చట్టం ఉంది; మీ బావి దాని కింద జాబితాలో ఉందో లేదో తెలుసుకోండి.

జవాబు 2 – జానపద కళల పరిశోధకురాలు

పర్యవేక్షకులు చెప్పినదంతా అవసరమే. అయితే రాతి పనికి ముందే చేయవలసినది ఇంకొకటి ఉందని నా గట్టి నమ్మకం. ఆ స్థలాన్ని ఇప్పుడు ఎవరు, ఏ రోజున, ఏ మూల, దేనికి వాడుతున్నారో పన్నెండు నెలలకూ ఒక పట్టిక రాయండి. బతుకమ్మ తొమ్మిది రోజులు, బోనాల ఆదివారాలు, ఒగ్గు కథ రాత్రులు, పిల్లలు ఆడుకునే సాయంత్రాలు, ముసలివాళ్లు కూర్చునే అరుగు, ఏదీ విడిచిపెట్టవద్దు. ఆ పట్టికను ఒప్పందానికి జతచేసి, అందులోని రోజుల్లో స్థలం బస్తీదేనని, అప్పుడు టికెట్టు గాని అద్దె గాని ఉండవని రాయించండి. కొత్త కార్యక్రమాలు మిగిలిన రోజుల్లో పెట్టుకోవచ్చు.

ఇలా ఎందుకు అంటున్నానో మన నగరమే చూపిస్తుంది. ఏటా ఆషాఢ బోనాలు గోల్కొండ కోటలోని జగదాంబిక అమ్మవారి దగ్గరే మొదలవుతాయి. ఆ రోజు కోట మెట్లు ఎక్కే ఆడవాళ్లు చూడడానికి వచ్చినవారు కాదు, మొక్కు చెల్లించుకోవడానికి వచ్చినవారు. కుతుబ్ షాహీల నాటి బాద్‌షాహీ ఆశూర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం) గోడల మీది పింగాణీ పలకలు 1908 మూసీ వరదలో దెబ్బతిన్నాయి; అయినా మొహర్రంలో అక్కడ అలములు (పీర్లు) నిలుస్తూనే ఉన్నాయి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను 2020లో బాగుచేసి తెరిచినప్పుడు అక్కడ మళ్లీ వ్యాపారమే సాగింది, అందుకే అది ఇంకా మార్కెట్టుగానే ఉంది.

యునెస్కో 2003 ఒడంబడికలో పాటలు, ఆచారాలు, చేతివృత్తుల వంటి సజీవ వారసత్వాన్ని కాపాడడంలో వాటిని ఆచరించే సమాజానికే ప్రధాన పాత్ర ఇచ్చారు. భారతదేశం 2005లో దానిలో చేరింది. దాతలతో మాట్లాడేటప్పుడు ఈ మాట ఎత్తండి, వారికి ఇది కొత్త విషయం కాదు.

నమూనా చిత్రం వేసేవారిని బతుకమ్మ నాడు పిలిచి, ఆడవాళ్ల వలయం ఎంత వెడల్పు ఉంటుందో స్వయంగా కొలుచుకోమనండి. వలయానికి అడ్డంగా బల్ల గాని దీపస్తంభం గాని వస్తే ఆట చెదిరిపోతుందని అప్పుడు వారికే అర్థమవుతుంది.

జవాబు 3 – ఒగ్గు కథకుల ఇంటివాడిని

పెద్దలందరికీ దండాలు. బాగుచేసిన ఒక పాత కట్టడంలో కథ చెప్పడానికి మమ్మల్ని పిలిచారు, ఎక్కడన్నది చెప్పను. నలభై నిమిషాల్లో ముగించమన్నారు. మల్లన్న కథ నలభై నిమిషాల్లో ఎట్లా చెప్పాలి? పట్నం (దేవుడి పేర నేల మీద వేసే రంగుల ముగ్గు) వేయడానికి పసుపు, కుంకుమ, బియ్యప్పిండి తీస్తే నేల మరకలవుతుందని వద్దన్నారు. మా నాన్న డోలు పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

కనుక నేను కోరేవి చిన్నవి. పట్నం వేసుకోవడానికి ఒకచోట బండ పరచండి, కడిగితే పోయే నేల కావాలి. గజ్జెలు కట్టుకోవడానికి, వేషం మార్చుకోవడానికి ఒక గది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, రాత్రి కథకు పోలీసు అనుమతి తెచ్చే బాధ్యత కమిటీది. సంభావన ఎంతో ముందే చెప్పి ఆ రాత్రే చేతికి ఇవ్వాలి. మా పిల్లలు డోలు నేర్చుకోవడానికి వారానికి రెండు సాయంత్రాలు వసారా ఇస్తే, పండుగ లేని రోజుల్లో కూడా అక్కడ డోలు మోగుతుంది.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ గుడి దగ్గర చదివి వినిపించాను. పట్టిక రాసే పనిని మా బస్తీ ఆడవాళ్లు తీసుకున్నారు, మొదటి కాగితం నిండింది కూడా. అందులో మాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది: పెళ్లయి కొత్తగా వచ్చిన కోడలితో మొదటి బిందె ఈ బావిలోనే ముంచించేవారట, నీళ్లు కనిపించకుండా పోయాక ఆ ఆనవాయితీ ఆగిపోయింది.

పూడిక పని దసరా దాటాకే మొదలుపెట్టాలని నిర్ణయించాం. సంస్థవారిని మాత్రం ఈ సద్దుల బతుకమ్మకే, టేపు వెంట తెచ్చుకొని రమ్మని పిలిచాం. వస్తామన్నారు. డంగుసున్నం పని నేర్చుకోవడానికి ఇద్దరు అబ్బాయిలు పేర్లు ఇచ్చారు. పర్యవేక్షకులు గారూ, వారిని ఎక్కడికి పంపాలో చెప్పగలరా?